ఆముదం పూసిన గిటార్

అనంతపురంలో మొదటి దుకాణం గడప దాటకముందే లింగప్ప ముక్కు చిట్లించాడు. ఒకవైపు క్రికెట్ బ్యాట్లు, ఇంకోవైపు బడిపిల్లలకు బహుమతిగా ఇచ్చే ప్లాస్టిక్ కప్పులు, మధ్యలో గోడకు వేలాడదీసిన గిటార్లు. ఎరుపు, నీలం, నలుపు. ఒకదాని మీద పుర్రె బొమ్మ. కొత్త రంగు వాసన, రబ్బరు బంతుల వాసన, బల్ల కింద ఎవరో సగం తిని వదిలేసిన ఎగ్ పఫ్ వాసన. పాట అమ్మే చోట ఈ కంపేమిటని ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం కావాలన్నా?" బల్ల వెనక కూర్చున్న మనిషి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. వాడి పేరు హేమంత్ అని గోడ మీది లైసెన్సు చెబుతోంది.

"గిటార్ కావాలన్నా," అంది నందిని.

"ఎవరికి, చిన్నపిల్లలకా?"

"నాకే."

హేమంత్ అప్పుడు తల ఎత్తాడు. ముందు నందినిని చూశాడు. తర్వాత ఆమె పక్కన మాసిన పంచెతో, మోకాలి దాకా ఎర్రమట్టితో నిలబడ్డ తండ్రిని చూశాడు. లేచి, చేతికందిన ఎర్ర గిటార్ దించి బల్ల మీద పెట్టాడు.

"ఇది బాగా పోతాంది పాపా. దీంతో బ్యాగు ఫ్రీ. బెల్టు ఫ్రీ. తీగలు మీటేదానికి పిక్కులు మూడు ఫ్రీ."

నందిని చెయ్యి చాచేలోగా లింగప్ప దాన్ని లాక్కున్నాడు. వెల్లకిలా తిప్పి వేలి కణుపుతో నాలుగుచోట్ల తట్టాడు. ఖాళీ అట్టపెట్టెను తట్టినట్టు వినిపించింది. మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచున బొటనవేలు పెట్టి రాశాడు. మూడు పొరలు గోటికి తగిలాయి.

"ప్లైవుడ్డు," అన్నాడు, చచ్చిన ఎలకను తోకపట్టి ఎత్తినట్టు దాన్ని మెడపట్టి ఎత్తి.

"గిటార్లన్నీ అంతేనన్నా."

"నువ్వు అమ్మేటివి అంతే అని చెప్పు."

నందిని గిటార్ తీసుకుని స్టూలు మీద కూర్చుంది. తీగలు సరిచేసుకుంది. రెండుసార్లు వాయించేసరికి ఒక మర జారి తీగ వదులైంది. మళ్ళీ బిగించింది. మళ్ళీ జారింది.

"శ్రుతి నిలబడటం లేదన్నా."

"కొత్తది కదా పాపా. ఒక వారం వాయించు, సెట్ అయితాది."

"నాకు వారం లేదు. సోమవారమే కావాల."

"సోమవారం ఏముండాది, పెండ్లా?" హేమంత్ నవ్వాడు.

లింగప్ప బయటికి నడిచాడు. అలాంటి నవ్వుకు జవాబు చెప్పే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు.

సోమవారం ఉన్నది పెళ్ళి కాదు. పామిడి దారిలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు బడిలో పాటల టీచరు ఉద్యోగం. నందిని డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో గిటార్ నేర్చుకుంది. చదువయ్యాక స్నేహితురాలు లావణ్య తన పాత గిటార్ ఆమెకిచ్చి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఫోన్‌లో చూసి నేర్చుకుంటూ, గార్లదిన్నె అవతల ఉన్న తమ ఊళ్ళో పిల్లలను వాకిట్లో కూర్చోబెట్టి పాడిస్తోంది. ఏడాదిలో నాలుగు ఉద్యోగాలకు అర్జీ పెట్టింది. పిలిచింది ఈ ఒక్క బడే. సోమవారం పొద్దున పది గంటలకు వచ్చి పిల్లల ముందు మూడు పాటలు వాయించి పాడించాలి. గిటార్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ రోజు వాయించలేని మనిషి కోసం వాళ్ళు మంగళవారం దాకా ఆగరు.

ఇవాళ శనివారం. లావణ్య ఇచ్చిన గిటార్ ఇప్పుడు లేదు. అది లేకుండా చేసింది లింగప్పే.

ఆయన వడ్రంగి. ఏటా ఉగాది పోయి ఎండలు ముదిరేటప్పుడు ఇంట్లో ఉన్న చెక్కనంతా బయటేసి ఆముదం పూస్తాడు. పలుగు పిడి, పార పిడి, చిత్రిక, తలుపులు, మంచం కోళ్ళు, ఏదీ వదలడు. పూసి ఒక పూట ఎండలో పెడతాడు. ఎండకు నూనె లోపలికి ఇంకుతుంది, చెక్క ఆ ఏడాది పగలదు. వాళ్ళ నాయన అట్లాగే చేశాడు, ఆయనా అట్లాగే చేశాడు. మొన్న బుధవారం నందిని సర్టిఫికెట్ల నకళ్ళకని అనంతపురం పోయింది. గోడకున్న గిటార్ లింగప్ప కంట్లో పడింది. పైన మూడు గీరలు, అంచులు ఎండి తెల్లబారి ఉన్నాయి. పిల్ల వస్తువు, బాగుచేసి పెడదామనుకున్నాడు. గుడ్డతో వెనకా ముందూ దట్టంగా పూశాడు. రంధ్రంలోంచి లోపలికి కూడా ఒక గరిటెడు పోసి అటూ ఇటూ తిప్పాడు. తీసుకుపోయి కల్లంలో బండమీద ఎండకు పెట్టాడు.

మధ్యాహ్నం రెండుకు టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పోయి చూస్తే తీగలను పట్టి ఉంచే చెక్క జిగురు వదిలి, తీగలతో సహా లేచి పక్కన పడి ఉంది. వెనక పలక ఒక అంచున నోరు తెరిచింది. లోపల ఆముదం కారుతోంది.

సాయంత్రం నందిని వచ్చి చూసింది. వంగి ముక్కలు ఏరుకుంది. అన్నం పెట్టింది, గిన్నెలు కడిగింది, పడుకుంది. తిట్టి ఉంటే లింగప్పకు సుఖంగా ఉండేది. భార్య కదిరమ్మ అయితే ఊరంతా వినేటట్టు తిట్టేది. కదిరమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆమె పోయినప్పుడు ఆస్పత్రి వరండాలో కూడా మంచం దొరకలేదు, సాయానికి ఎవరూ రాలేదు. మూడోరోజు ఇంటికొచ్చి మహాతల్లి అని ఏడ్చినవాళ్ళలో సగంమందిని ఆయన ఇప్పటికీ పలకరించడు. ఆమె తిట్లు తప్ప మనుషుల మాటల్లో ఆయనకు నమ్మకమైనవి ఏవీ మిగల్లేదు.

రెండో దుకాణం కమలానగర్‌లో మెట్లెక్కి పైన. అద్దాల తలుపు. తలుపు దగ్గర చెప్పులు విప్పమన్నారు. గుళ్ళో తప్ప చెప్పులు విప్పని లింగప్ప, గొణుగుతూ విప్పి, చల్లటి నేల మీద తన పాదాల ముద్రలు ఎర్రగా పడటం చూశాడు. చూసి, ఇంకో రెండడుగులు కావాలనే గట్టిగా వేశాడు. లోపల ఏసీ. గోడలకు దీపాలు. గిటార్లకు ముఖం మీద వెలుతురు పడేటట్టు పెట్టారు, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు. ప్రతి దాని కిందా ఒక చీటీ: ముట్టుకోరాదు.

"ముట్టుకోకుండా కొనాల్నా?" అన్నాడు లింగప్ప.

"అడిగితే మేమే తీసిస్తాం సార్." వచ్చినవాడు మణిదీప్. నల్ల చొక్కా, మెడలో తాడుకు కట్టిన కార్డు. "బిగినరా మేడం?"

"ఆరేండ్లుగా వాయిస్తాండా," అంది నందిని.

మణిదీప్ ఆమె వేళ్ళ కొసలు చూశాడు. అవి గట్టిపడి కాయలు కాచి ఉన్నాయి. వాడి గొంతు కొంచెం మారింది. గోడ మీదినుంచి లేత పసుపు రంగుది ఒకటి దించాడు.

"ఇది సాలిడ్ టాప్ మేడం. పై పలక మొత్తం ఒకే చెక్క."

లింగప్ప మధ్యలోకి వచ్చి తట్టాడు. చెయ్యి ఆగిపోయింది. ఇంకోచోట తట్టాడు. చెవి దగ్గరగా పెట్టుకున్నాడు. తట్టిన చప్పుడు లోపలికి పోయి, తిరిగి, గుండ్రంగా బయటికొచ్చింది. పలక మీద గీతలు సన్నగా, దగ్గరగా, తలదువ్వినట్టు ఉన్నాయి. చెంప ఆనించి చూశాడు. తడి చెక్క చెంపకు చల్లగా తగులుతుంది. ఇదీ చల్లగానే తగిలింది, కాకపోతే ఏసీలో ఏదైనా చల్లగానే ఉంటుంది, చెప్పలేం.

"ఇది చెక్క," అన్నాడు. పొద్దుటినుంచి ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

పదేళ్ళ కింద వరకు చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు వేపదుంగలు, టేకు దుంగలు బండ్లమీద వేసుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఏ దుంగనైనా కోయించి నీడన పేర్చి ఒక రోహిణి కార్తె గడవనిచ్చేవాడు. ఆ పదిహేను రోజుల ఎండను తట్టుకుని నిలిచిన పలకకే ఉలి పెట్టేవాడు. అట్లా తట్టుకోని చెక్కతో తలుపు చెయ్యమని ఎమ్మెల్యే మనిషి వచ్చి అడిగినా తిప్పి పంపాడు. తర్వాత ప్లైవుడ్ తలుపులొచ్చాయి. అవి తెచ్చేవాళ్ళు టెంపో దిగి, నాలుగు మరలు బిగించి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయేవాళ్ళు. జనం వాటినే కొన్నారు. లింగప్పకు మిగిలింది కోడి గూళ్ళు, విరిగిన పార పిడులు. ప్లైవుడ్ మీద ఉలి పెట్టమని అడిగినవాళ్ళను వాకిట్లోంచే పంపేశాడు.

"దీన్నే తీసుకుందాం," అన్నాడు. ధర పెద్దదే. ఆయన అడగను కూడా అడగలేదు.

మణిదీప్ ఉత్సాహంగా అద్దాల బల్లలోంచి వస్తువులు తీసి పరిచాడు. గిటార్ మెడకు బిగించే కేపో, శ్రుతి చూపించే ట్యూనర్, మందం పిక్కు, పలుచటి పిక్కు, దూది కుట్టిన బ్యాగు. చివర్లో వేలెడు పొడుగున్న రబ్బరు గొట్టం ఒకటి పెట్టాడు. దానికి వరసగా తూట్లు, లోపల స్పాంజి.

"ఇది కంపల్సరీ సార్. దీన్ని నీళ్ళలో ముంచి, పిండి, గిటార్ లోపల వేలాడదీయాల. మన అనంతపురం గాలిలో తేమ ఉండదు కదా. సాలిడ్ చెక్క ఎండి పగులుతాది."

లింగప్ప గొట్టాన్ని చూశాడు. మణిదీప్‌ను చూశాడు.

"చెక్కకు నీళ్ళు తాపాల్నా?"

"వేసవిలో రెండు దినాలకోసారి సార్."

"మా ఊరికి ట్యాంకరు నాలుగు దినాలకోసారి వస్తాది. ముందు దీనికి తాపి, మిగిల్తే మేము తాగాల్నా?"

పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. మణిదీప్ మర్యాదగా నవ్వి, "క్లైమేట్ అట్లాంటిది సార్," అన్నాడు. క్లైమేట్‌ను కూడా తనే అమ్ముతున్నట్టుగా ఉంది వాడి ముఖం.

నందిని ఈ మాటలు వినడం లేదు. మూలన వేలాడుతున్న ముదురు గోధుమరంగు గిటార్ ఒకటి అడిగి దించుకుని వాయిస్తోంది. రెండు పాటల మొదళ్ళు వాయించింది. శ్రుతి నిలబడింది.

"నాయనా, ఇట్లాంటిది అయితే నాకు సరిపోతాది. ఇదే కొంచెం చిన్న సైజులో ఉంటే ఇంకా బాగు."

లింగప్ప వచ్చి తట్టాడు. రంధ్రం అంచున గోరు పెట్టాడు. "పలకలు అతికించిన చెత్త ఇది."

"చెత్తో గిత్తో, నిలబడతాంది."

"నా ఇంట్లోకి రాదు."

"వాయించేది నేను నాయనా."

"చెక్క గురించి నాకు చెప్తాండావా నువ్వు?"

"చెక్క గురించి చెప్పట్లేదు. సోమవారం గురించి చెప్తాండా."

"సార్," అన్నాడు మణిదీప్, గొంతు తగ్గించి, "ఇంటి మాటలు బయట మాట్లాడుకుని రండి సార్. వేరే కస్టమర్లు ఉన్నారు."

లింగప్ప చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. చిన్న సైజుది అక్కడ లేదన్నారని చెబుతూ నందిని వెనకాల వచ్చింది. ఎండ నెత్తిన కొడుతోంది. నందిని ఒక చెరకురసం బండి దగ్గర ఆగి రెండు గ్లాసులు చెప్పింది. ఆ గ్లాసులు ఒకే బకెట్లో ముంచి తీయడం చూసి లింగప్ప తనది తాగలేదు. ఆమె తనది తాగి, ఆయనదీ తాగింది.

"పాతూరులో ఒకాయన ఉన్నాడంట. లావణ్య తీగలు ఆడనే మార్పించేది," అంది. "అది కూడా చూద్దాం. ఆడ లేకపోతే ఇంగ బస్సెక్కుదాం."

"బస్సెక్కి?"

"ఇంటికి పోదాం. సోమవారం ఇంట్లోనే ఉందాం."

కోపంగా అనలేదు. మాట మామూలుగానే ఉంది. అందుకే లింగప్ప చెప్పులు తొడుక్కుని ముందు నడిచాడు.

పాతూరు దుకాణం ఒక సందులో, రెండు బట్టల కొట్ల మధ్య ఇరుక్కుని ఉంది. హార్మోనియాలు, భజన తాళాలు, చర్మం ఊడిన తబలా ఒకటి. దుమ్ము వేలు పెడితే వేలు ముద్ర పడేంత. లోపల చాప మీద బదరీనారాయణ సెట్టి కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. నశ్యం పీల్చి చేతిరుమాలుతో కాకుండా చొక్కా అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. లింగప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎవరు పంపినారు?" అన్నాడు సెట్టి.

నందిని చెప్పింది. సోమవారం సంగతి కూడా చెప్పింది.

"ముందుది ఏమైంది?"

నందిని తలవంచుకుంది. "పగిలిపోయినాది."

లింగప్ప కళ్ళు అప్పటికే గోడ మీదికి పోయాయి. అక్కడ దుమ్ములో కూడా తెలిసిపోయే మంచి చెక్క గిటార్ ఒకటి ఉంది. లేత పసుపు పలక, సన్నటి గీతలు. చెయ్యి చాచి దించాడు. దించేటప్పుడు వెలుతురు పడింది. తీగలు కట్టే చెక్క దగ్గరనుంచి అడుగు అంచు దాకా వెంట్రుక వంటి పగులు. దాని పక్కనే ఇంకొకటి.

"ఇదెట్ల పగిలింది?"

"ఒక డాక్టరమ్మ కొడుకుది. హైదరాబాద్ నుంచి తెప్పించినారు, ఒకే చెక్క అని. ఒక్క రోహిణి కార్తె. అంతే." సెట్టి ఆయన చేతులవైపు చూశాడు. "నువ్వు వడ్రంగివి కదా?"

"అయితే?"

"అయితే నాకన్నా నీకే తెలియాలప్పా. ఇంత పలుచటి పలక. నాలుగు వైపులా జిగురుతో బిగించినారు. ఎండకు ముడుచుకోవాల. ముడుచుకోను చోటు లేదు. యాడికి పోతాది? పగులుతాది. నీ ఇంటి తలుపు నువ్వే చేసుకుంటివి కదా, ఎండాకాలం సందు పడదా దానికి?"

మూడు రోహిణులు ఆరబెట్టిన వేప తలుపు అది. అయినా ఏటా ఏప్రిల్లో వేలు దూరేంత సందు పడేది. కదిరమ్మ పాత చీర పీలికలు చింపి అందులో కుక్కేది, దుమ్ము రాకుండా. కుక్కుతూ తిట్టేది. పక్కింటోళ్ళ ప్లైవుడ్ తలుపు చూడు, ఎట్ల మూసుకుంటాండాదో, అనేది. గోడ దిగింది, తలుపు తప్పు కాదు అని ఆయన ఆమె పోయేదాకా వాదించాడు. గోడ దిగలేదని ఆయనకు తెలుసు. మూలమట్టం పెట్టి చూసుకున్నాడు కూడా, ఆమె లేనప్పుడు.

"పడతాది," అన్నాడు.

"ప్లైవుడ్డుకు పొర మీద పొర అడ్డంగా అతికిస్తారు. ఒకటి లాగితే ఇంకోటి పట్టుకుంటాది. అది గొప్ప చెక్క అని నేను చెప్పను. ఈ నేల మీద బతికే చెక్క, అంతే." సెట్టి మోకాళ్ళు పట్టుకుని లేచి, హార్మోనియాల వెనకనుంచి చిన్న గిటార్ ఒకటి లాగాడు. రంగు వెలిసిన గోధుమరంగు. మీద సాలెగూడు. "ఇది రెండేండ్లుగా ఈడనే ఉండాది. ఈ కొట్టుకు పైన రేకులు. రెండు రోహిణులు చూసింది. ఎవరూ కొనలేదు, మెరవదని."

లింగప్ప దాన్ని తీసుకుని తట్టాడు. పొడి చప్పుడు. మెడను కంటికి ఎదురుగా పెట్టి, గొడ్డలి పిడిని చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. తిన్నగా ఉంది. మెడ అంచున బొటనవేలు కిందిదాకా జార్చాడు. మెడ మీద అడ్డంగా పరిచిన సన్నటి ఇనుప కడ్డీల కొసలు ఎక్కడా పొడుచుకు రాలేదు. వెనక పలక అతుకులో గోరు దూరలేదు. తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఇంకోసారి మొదటినుంచీ చూశాడు. దొరకలేదు. అది ఆయనకు మరీ ఒళ్ళు మంటెక్కించింది.

నందిని తుడుచుకుని, తీగలు బిగించుకుని వాయించింది. పెద్ద చప్పుడు కాదు. కానీ ఆరు తీగలూ విడివిడిగా, పక్కపక్కన నిలబడి మాట్లాడినట్టు వినిపించాయి. ఒక పాట మొత్తం వాయించింది. శ్రుతి కదల్లేదు. సందులో పోతున్న ఒకావిడ ఆగి, తొంగి చూసి వెళ్ళింది.

తర్వాత నందిని చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కింది. నొక్కి, పెదవి కొరికింది.

"తీగలు చానా పైకుండాయి తాతా. ఇట్ల పట్టుకుంటే రెండు పాటలకే వేలు చచ్చిపోతాది. మూడోది వాయించలేను."

"దానికేముంది, ఈ తెల్లది దించాల." సెట్టి తీగలు ఆనుకున్న సన్నటి తెల్ల ముక్కను చూపించాడు. "తీసి, అడుగున ఉప్పుకాగితం మీద రుద్దితే తీగలు దిగుతాయి. కానీ నా చేతులు చూడు." చేతులు చాచాడు. వణుకుతున్నాయి. "ఆ పని చేసే జయరాం తిరుపతికి పోయినాడు. మంగళవారం వస్తాడు."

"మంగళవారం మాకెందుకు?" అన్నాడు లింగప్ప. "ఉప్పుకాగితం ఇయ్యి. నేను రుద్దుతా."

"వద్దు," అంది నందిని.

ఆ మాట ఎంత పొడిగా వచ్చిందంటే సెట్టి నశ్యం డబ్బీ మూత సగంలో ఆపాడు.

"వద్దు నాయనా. నువ్వు ముట్టుకోవద్దు."

"చెక్కపని నాకు రాదా?"

"వస్తాది. అందుకే ముట్టుకోవద్దు అంటాండా. అడగకుండా పూసినావు. అడగకుండా ఎండకు పెట్టినావు. అది నా వస్తువు నాయనా. నీ పార పిడి కాదు." గొంతు పెరగలేదు. మూడు రోజులు నోట్లో పెట్టుకుని ఉన్న మాటలు ఒకటి తర్వాత ఒకటి పెట్టింది. "ఇది ఇంకొంచెం ఎక్కువ రుద్దితే తీగ కడ్డీలకు కొట్టుకుని గరగరమంటాది. అప్పుడు ఇదీ పోతాది. సోమవారమూ పోతాది."

పరాయివాడి ముందు, దుమ్ములో, నశ్యం వాసనలో. లింగప్పకు చెవులు వేడెక్కాయి. బయటికి పోదామనుకున్నాడు. సెట్టి కళ్ళు రెండూ తన మీదే ఉన్నాయి. ఒకడు తిట్లు తింటుంటే చూడకపోతే ఇట్లాంటివాళ్ళకు పొద్దుపోదు. కానీ పోతే ఏమవుతుందో ఆమె చెరకు బండి దగ్గరే చెప్పింది.

"నువ్వు చెప్పినంతే రుద్దుతా," అన్నాడు చివరికి. "చాలంటే ఆపుతా."

నందిని తీగలు వదులు చేసి, తెల్ల ముక్కను బయటికి లాగింది. సెట్టి దగ్గర పెన్సిల్ తీసుకుని ముక్క అడుగుభాగాన, కంటికి దగ్గరగా పెట్టుకుని, ఒక గీత గీసింది. ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది.

లింగప్ప చూసి ముఖం చిట్లించాడు. "గీత వంకరగా గీసినావు."

"వంకరే నాయనా. లావు తీగ ఊగేదానికి చోటు ఎక్కువ కావాల. ఆ పక్క తక్కువ తీయాల, సన్నతీగల పక్క ఎక్కువ తీయాల."

"నలభై ఏండ్లల్లో ఒక్క వంకర పని చేయలేదు నేను."

"నీ నలభై ఏండ్లు నాకు తెలుసు. గీత దాటొద్దు."

సెట్టి ఒక అద్దం ముక్క, దాని మీద ఉప్పుకాగితం పెట్టాడు. లింగప్ప బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముక్కను రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. అది ఎముక కాదు, చెక్క కాదు, ఏదో ప్లాస్టిక్. తెల్లటి పొడి రాలింది, కాలిన వాసన వచ్చింది. పది రాపిడ్లు. ఎత్తి చూపించాడు. నందిని చూసి, "ఇంకా," అంది. పది. "ఇంకా." ఆరు. "ఇంకా కొంచెం." ఆయన చేతికి సమమట్టం తప్ప ఇంకేదీ అలవాటు లేదు. ప్రతి రాపిడికీ ఆ చెయ్యి వంకర సరిచేయాలని చూసింది. ప్రతిసారీ ఆయన దాన్ని బలవంతాన ఆపుకున్నాడు. నోట్లో చేదు ఊరింది. గీత పొడిలోంచి సన్నగా మిగిలింది.

"చాలు," అంది నందిని.

ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. మూలమట్టం పెడితే సిగ్గుచేటు. ఇంకో రెండు రాపిడ్లు వేస్తే సరిగ్గా కూర్చుంటుందని వేళ్ళు చెబుతున్నాయి. ముక్కను ఆమె చేతిలో పెట్టేసి, పొడి అంటిన వేళ్ళను పంచెకు తుడుచుకున్నాడు.

నందిని దాన్ని పెట్టి, తీగలు బిగించి, వేలు అడ్డంగా పరిచి నొక్కింది. ఈసారి పెదవి కొరకలేదు. మూడు పాటలూ వరసగా వాయించింది. ఎక్కడా గరగర లేదు.

"చెయ్యి ఉండాదప్పా నీకు," అన్నాడు సెట్టి.

వంకర పనికి మెచ్చుకున్నవాడి మెప్పు ఏం చేసుకోవాలి అనుకున్నాడు లింగప్ప. బేరం కూడా ఆడకుండా చెప్పిన ధర ఇచ్చాడు. బ్యాగు, రెండు పిక్కులు నందినే ఏరుకుంది. రబ్బరు గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు.

సోమవారం లింగప్ప బడి గేటు బయట వ్యాను నీడన కూర్చున్నాడు. లోపలికి రమ్మని నందిని పిలవలేదు, వస్తానని ఆయనా అనలేదు. కొత్త గోడలకు గులాబీ రంగు, మీద ఏనుగులు, జిరాఫీలు. ఒక్క జంతువుకూ కాళ్ళు సరిగ్గా లేవు. ఆదివారం రోజంతా పిల్ల లోపలి గదిలో వాయిస్తుంటే ఆయన బయట వేపనీడన ఒక్కడే కూర్చున్నాడు. గిటార్ గోడకు తగిలించి ఉన్నప్పుడు దాని పక్కనుంచి పోవాల్సి వస్తే, చేతులు వెనక్కి పెట్టుకుని పోయాడు.

పది దాటాక కిటికీలోంచి పాట వచ్చింది. మొదట గిటార్ ఒక్కటే, తర్వాత నందిని గొంతు, తర్వాత ముప్పై నలభై మంది పిల్లల గొంతులు, శ్రుతీ లయా లేకుండా. రెండో పాటకు పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడో పాట కూడా వచ్చింది. మధ్యలో ఆగలేదు. చివరిదాకా వచ్చింది. లింగప్ప వేళ్ళ మీద పాటలు లెక్కపెట్టుకుని, మూడో వేలు ముడిచాక లేచి నిలబడ్డాడు.

అరగంటకు నందిని బయటికి వచ్చింది. భుజాన బ్యాగు. ముఖంలో ఏమీ కనిపించనీయకుండా దగ్గరిదాకా నడిచి వచ్చింది.

"ఏమన్నారు?"

"జూన్‌లో బడి తెరిచే దినం నుంచి రమ్మన్నారు."

"ఆ పలకలు అతికించిన దాని చప్పుడుకా?"

"ఊఁ. ప్రిన్సిపాల్ మేడం అయితే ఇంత మంచి గిటార్ యాడ కొన్నావని అడిగింది."

"చెవులు లేనోళ్ళు," అన్నాడు లింగప్ప.

నందిని నవ్వింది. బుధవారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆయన నవ్వలేదు. గోడ మీది జిరాఫీని ఇంకోసారి చూసి, నేల మీద ఊసి, గార్లదిన్నె బస్సు ఎన్నింటికని అడిగాడు.